గంగామణి వీపు మీద నాలుగు రోజులు

కామారెడ్డి

సెలవు పెట్టి కామారెడ్డి వెళ్లొచ్చానంటే, అక్కడ బంధువులున్నారా అని మా ఆస్పత్రిలో అందరూ అడిగారు. లేరు. మాది రేపల్లె. ఎనభైల మొదట్లో, హైదరాబాదులో చర్మవ్యాధుల పైచదువు చదువుతున్న రోజుల్లో, ఒకే ఒక్క మనిషి వీపు చూడడానికి ఐదు రోజులు తిరిగొచ్చాను. ఆ వైపు వెళ్లనివాళ్ల కోసం, ముఖ్యంగా అక్కడ చూడ్డానికేముంది అనేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆ మనిషి పేరు గంగామణి. లింగంపేటలో బీడీలు చుడుతుంది. ఇంచుమించు నా ఈడుదే. వేళ్లు ఎర్రగా వాచి, నీరు కారుతూ, పొరలు లేచిపోతున్న చేతులతో మా ఓపీకి వచ్చింది. ఇది ఏదో వస్తువు చర్మానికి పడక వచ్చినట్టుంది. ఏ వస్తువో తేలాలంటే అనుమానమున్నవన్నీ పట్టీల్లో పెట్టి వీపు మీద అతికించాలి. రెండు రోజులకు విప్పి ఒకసారి, నాలుగో రోజున మళ్లీ ఒకసారి చూడాలి. అన్ని రోజులు పట్నంలో ఉండలేనని ఆమె తల అడ్డంగా ఊపింది. మొగుడు బొంబాయిలో కూలికి పోయాడట. ఇంట్లో అత్త, ఇద్దరు ఆడపిల్లలు ఆమె చుట్టే బీడీల మీదే బతుకుతున్నారు.

నువ్వు రాలేకపోతే పట్టీలే మీ ఊరొస్తాయిలే అని నోరు జారాను. మా ప్రొఫెసరు గారు విని నవ్వారు. "అన్నావుగా, వెళ్లు. కానీ రెండుసార్లూ చూసి రా" అన్నారు. ఆ 'రెండుసార్లూ' అన్న మాట నేను సరిగ్గా వినలేదని తర్వాత తెలిసింది.

సోమవారం పొద్దున్నే చిన్న రైలు నన్ను కామారెడ్డిలో దించింది. స్టేషను దాటి బజారులోకి వస్తే గాలంతా బెల్లం వాసన. మా వైపు బెల్లం కొట్టు అంటే ఒక మూల రెండు బుట్టలు. ఇక్కడ వీధి పొడుగునా దిమ్మలే. అర్ధరూపాయి టీ తాగి, ఆశ కొద్దీ చిన్న బెల్లపు ముద్ద కొని పట్టీల సంచిలో వేసుకున్నాను. ఇంత చదువుకుని చేసిన పని అది. బస్సెక్కేసరికి సంచి నిండా చీమలు. పక్కనున్న పెద్దావిడ ఒక్కో పట్టీ తీసి దులుపుతూ, ఏ ఊరు, ఎవరి బిడ్డవు, పెండ్లయిందా అని వరసగా అడిగింది. అన్నీ నువ్వు అనే. మా వైపు డాక్టర్ని నువ్వు అంటే గొడవైపోతుంది. ఇక్కడ ఆ నువ్వులో నన్ను ఇంటి మనిషిని చేసుకున్న చనువుంది. నాకు అది నచ్చింది.

లింగంపేట

బస్సు దిగిన చోటికే గంగామణి వచ్చింది. చేతులు కొంగులో దాచుకుంది. తన ఇంట్లో చోటు చాలదని ఎదురింటి ఖాజాబీ దగ్గర నాకు బస ఏర్పాటు చేసింది. ఖాజాబీకి యాభై ఉంటాయి. భర్త దుబాయిలో మేస్త్రీ పని చేస్తాడు. ఈవిడా బీడీలు చుడుతుంది. ఆ మాటకొస్తే ఆ గల్లీలో చుట్టనివాళ్లు లేరు. అరుగు అరుగుకూ ఒళ్లో చాట పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. చాటలో ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఒక పక్క తంబాకు, అంటే మన పొగాకు, పొడి. మాట మాటే, చుట్టడం చుట్టడమే. చేతుల వైపు ఎవరూ చూడరు.

మధ్యాహ్నం గంగామణి వీపు మీద పట్టీలు వేశాను. తంబాకు, తునికాకు ముక్క, దారం, కత్తెరలో ఉండే లోహం, బట్టల సబ్బు, ఇంకా మా డబ్బాల్లోవి కొన్ని. ఏ పని చేస్తావు, ఏం ముట్టుకుంటావు అని గుచ్చి గుచ్చి అడిగి రాసుకున్నాను. చేతులకు ఏం పూస్తావు అని మాత్రం అడగలేదు. మందులు రాసేది మేమే అన్న ధీమా కాబోలు.

నాలుగు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు అన్నాను. పట్టీలు జారకుండా ఖాజాబీ తన పాత ఓణీ ఒకటి చించి గంగామణి వీపు చుట్టూ బిగించి కట్టింది. నాకూ ఒక తంబాకు పట్టీ పెట్టు, ఎట్లుంటదో చూస్త అని తన వీపూ చూపించింది. పట్టీలు వృథా చేయనని నవ్వేశాను. పెట్టి ఉంటే ఈ కథ రెండు రోజుల్లో తేలిపోయేది.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం నవ్వి తీసేసేది కాదు.

"గల్లీల అందరం గదే తంబాకు ముట్టుకుంటున్నం. గీ పోరికొక్కదానికే ఎందుకైతది బిడ్డా?"

మా పుస్తకాలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. నాకు తెలిసింది చెప్పాను. చర్మం అంటే ఉత్త తోలు కాదు. అందులో కొమ్మలు చాపుకున్న చిన్న చిన్న కణాలు కావలి కాస్తుంటాయి. కొత్త వస్తువేదైనా చర్మంలోకి దిగితే, ఆ కావలి కణం దాని ఆనవాలు పట్టుకుని చంకలోనో మెడలోనో ఉన్న బిళ్లల దాకా పోయి కబురు చెబుతుంది. ఊళ్లో కావలి తిరిగే మస్కూరి పోయి పోలీసు పటేలుకు చెప్పినట్టు. అక్కడ ఇది శత్రువని నిర్ణయమైతే, దాన్ని గుర్తుపట్టే కణాలు వేలకు వేలు తయారవుతాయి. మొదటిసారి ఏమీ కనిపించదు. ఆ వస్తువు మళ్లీ తగిలిన రోజున అవన్నీ ఆ చోటికి చేరుకుంటాయి. చేరడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే దద్దురులా వెంటనే లేచి పోదు, ఆలస్యంగా వచ్చి నిలబడుతుంది. కొందరి ఒంట్లో మాత్రం, పోనీ వదిలెయ్యండి అని సర్దిచెప్పే కణాలది పైచేయి అవుతుంది. ఎవరి ఒంట్లో ఎందుకలా అవుతుందో మాకూ పూర్తిగా తెలియదన్నాను.

ఖాజాబీకి ఈ లెక్క బాగా పట్టుబడింది. "అంటే పటేలు కోపిష్టోడైతె ఊరంత లాఠీలన్న మాట" అంది. అందరూ నవ్వారు. గంగామణి నవ్వలేదు. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

బీడీలు చూసి తీసుకునే ఠేకేదారు ఆమె చేతులు చూసి, ఇదేదో అంటురోగంలా ఉంది, శనివారంలోగా డాక్టరు చిట్టీ తేకపోతే నీ బీడీలు తీసుకోనన్నాడట. చిట్టీలో నేను ఏం రాస్తానన్న దాని మీద ఆమె ఇల్లు నడవడం ఉంది. అంటురోగం కాదని రాయడం తేలికే. తంబాకే కారణమని తేలితే మాత్రం మరో దారి లేదు, చాట పక్కన పెట్టాల్సిందే.

రెండు రోజుల ఎదురుచూపు

వీపు తన పని తాను చేసుకుంటుంటే నాకు పనేం లేదు. తిన్నాను. మూడు పూటలా అన్నం తినే ప్రాంతం నుంచి వచ్చినదాన్ని, ఖాజాబీ చేతి జొన్నరొట్టె ముందు లొంగిపోయాను. రొట్టె చప్పుడు వినే నిద్ర లేచేదాన్ని. మా వైపు పులుసంటే కాగాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, పొయ్యి మొహం చూపించకుండానే పచ్చిపులుసు అంటారు. మొదటి ముద్దకు మొహం చిట్లించాను. మూడో ముద్దకు గిన్నె దగ్గరికి లాక్కున్నాను. సాయంత్రాలు మక్క కంకులు కాల్చేవారు. ఇంట్లో ఉర్దూ, అరుగు మీద తెలుగు, కోడిని తోలేటప్పుడు రెండూ.

నేను కూడా బీడీ చుట్టడానికి కూర్చున్నాను. గంటకు రెండు అయ్యాయి. అవి ఎవరూ తీసుకోరని ఖాజాబీ నిర్మొహమాటంగా చెప్పి విప్పేసింది. నా వేళ్ల కొసలు ఒక్క పూటకే ఎండిపోయి గరగరలాడాయి. ఏళ్ల తరబడి చుట్టేవాళ్ల వేళ్లు పగలవా అని ఒక క్షణం అనిపించింది. ఆ ఆలోచనను అక్కడే వదిలేశాను.

బుధవారం మధ్యాహ్నం పట్టీలు విప్పాను. అరగంట ఆగి చూశాను. తునికాకు చోట ఏమీ లేదు. దారం, లోహం, సబ్బు, మా డబ్బాల్లోవి, ఏవీ లేవు. తంబాకు చోట మాత్రం ఎర్రగా, పట్టీ అంచు దాకా గీసినట్టుంది. చుట్టూ సిరాతో గుండ్రంగా గీత గీశాను. నాకు లోపల ఒకలాంటి సంతోషం. అనుకున్నదే దొరికిందన్న సంతోషం. దాన్ని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తంబాకే నీకు పడటం లేదు, బీడీలు మానేయాలి అని గంగామణికి చెప్పేశాను. అంటురోగం కాదని, తంబాకు పని పనికిరాదని చిట్టీ కూడా రాసి ఇచ్చాను. ఎల్లుండి మళ్లీ వచ్చి చూస్తాను అన్నాను. అది మాట వరసకు అన్న మాట.

ఆమె ఏడవలేదు. రవిక సర్దుకుని, చిట్టీ మడుస్తూ అడిగింది.

"ఏడేండ్లప్పటి సంది చుడుతున్న. ఇన్నేండ్లు ఊకున్న తోలు ఇప్పుడెందుకు చెడ్డది?"

అలా ఎప్పుడైనా రావచ్చు అన్నాను. అది నిజమే. ఆమె అడిగినదానికి అది జవాబు కాదు.

పోచారం

ఆ సాయంత్రమే ఎల్లారెడ్డి వెళ్లాను. నాతో చదివిన అమ్మాయి అక్క అక్కడ టీచరు. ఆవిడ ఇంట్లో పడుకుని, గురువారం పొద్దున్న పోచారం చెరువు చూడడానికి బయల్దేరాను. సంచి కూడా పట్టుకుపోయాను. ఎందుకో చెప్పేస్తాను. పోచారం నుంచి మెదక్ దగ్గర. మెదక్ బస్సెక్కితే సాయంత్రానికి హైదరాబాదు. ఫలితం తేలిపోయింది, చిట్టీ రాసిచ్చాను, మళ్లీ లింగంపేట దాకా పోయి అదే ఎర్రమచ్చ చూసేదేముంది అనుకున్నాను. ఆ వాచిన చేతుల ముందు, ఆ ప్రశ్న ముందు ఇంకోసారి కూర్చోవడం ఇష్టం లేదన్నది అసలు నిజం.

వానలు బాగా పడ్డ ఏడాది. చెరువు నిండి అలుగు పారుతోంది. వాళ్లు మత్తడి దుంకుతుంది అంటారు. నిజంగా దూకుతున్నట్టే ఉంది. మా కృష్ణ కాలవల్లో నీళ్లు చప్పుడు చేయకుండా పోతాయి. ఇక్కడ మాట వినపడాలంటే అరవాలి. చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లు జారే రాళ్ల మీదికి ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అని వెళ్లాను. తర్వాతి అడుగుకు నేనూ నా సంచీ కలిసి బురదలో కూర్చున్నాం. పైనుంచి చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు దిగొచ్చి రెక్క పట్టుకుని లేపారు. దెబ్బ తగలలేదు. ఒంటి మీది చీర, సంచిలో ఉన్న చీర, రెండూ మట్టిముద్దలు. అదే సమయానికి మెదక్ బస్సు వచ్చింది. ఆ అవతారంతో హైదరాబాదు దాకా కూర్చోలేక, ఉసూరుమంటూ వెనక్కి ఎల్లారెడ్డి చేరాను.

ఎల్లారెడ్డి

టీచరుగారి చీర కట్టుకుని, నా చీరలు తీసుకుని చాకలి నర్సయ్య ఇంటికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. చీరలు చూసి, పోచారంల వడ్డవా అమ్మా అని మాత్రం అన్నాడు. ఏటా ఇద్దరు ముగ్గురు ఇలా వస్తారట.

కొత్త ఇంటి బట్టలని గుర్తు పెట్టడానికి కూర్చున్నాడు. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ కొనకు అంటిన జిగురుతో చీర మూల మీద రెండు చుక్కలు, ఒక గీత పెట్టాడు. ఎన్ని ఉతుకులకైనా పోని గుర్తది. జీడి రసం ఎంత చెడ్డదో నాకు పుస్తకాల్లో చదివి తెలుసు. ఒంటికి తగిలితే కావలి కణాలను అంతగా రెచ్చగొట్టే వస్తువులు కొన్నే ఉన్నాయి. ఆయన వేళ్ల వైపు చూశాను. నున్నగా ఉన్నాయి.

నీకు పొక్కదా అని అడిగాను. తమ ఇళ్లల్లో పసివాళ్ల నాలుకకు నెయ్యిలో ఒక్క పిసరు జీడి తాకిస్తారని, ఇక ఆ చేతికి అది ఏమీ చేయదని చెప్పాడు. నోటి దారిన ముందుగా పరిచయమైనదాన్ని ఒళ్లు తనదనుకుని ఊరుకోవచ్చని మా పుస్తకాల్లోనూ ఉంది. అక్కడ సర్దిచెప్పే కణాలు ముందే పని మొదలుపెడతాయన్న మాట. అలాగని చదివినవాళ్లు ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి. జీడి నోట్లో పుండ్లు పెట్టి ప్రాణం మీదికి తెచ్చిన కేసులు నేను చూశాను. అందరి ఒళ్లూ అలా ఊరుకోదు, నర్సయ్య తమ్ముడికే పడక ఉతికే పని మానేశాడట.

గింజలు ఎక్కడివని ఊరికే అడిగాను. అడవి నుంచి తెస్తారట. ఆ తర్వాత ఆయన చెప్పింది విని లేచి నిలబడ్డాను.

"నాకంటె బీడీలోళ్లే ఎక్కువ కొంటవోతరమ్మా. తంబాకుకు ఏళ్లు పగుల్తయి గద. గింజ దీపం మీద కాల్చి, సూదితోని పగుళ్లల్ల వెడ్తరు. లింగంపేట దాక గదే మందు."

ఆ రాత్రి టీచరుగారు పెట్టిన అన్నం రుచి నాకు గుర్తులేదు. గంగామణిని నేను అడగనిది ఏమిటో తెలిసిపోయింది. పగిలిన వేలిలో జీడి పెడితే, కావలి కణం దగ్గరికి దారి చూపించినట్టే. మొదట పగులు పూడి ఉంటుంది. తర్వాత దురద మొదలై ఉంటుంది. దురద తంబాకు వల్ల అనుకుని ఇంకా పెట్టి ఉంటుంది. పెట్టిన కొద్దీ పెరిగి ఉంటుంది. ఇక తంబాకు పట్టీ కింద ఎరుపు సంగతి. పచ్చి తంబాకును ఎవరి వీపుకు రెండు రోజులు బిగించినా ఎర్రబడుతుంది. అది ఘాటుకు వచ్చిన ఎరుపు, పట్టీ తీస్తే తగ్గిపోతుంది. నిజంగా పడనిదైతే నాలుగో రోజుకు ఇంకా లేస్తుంది. ఏది ఏదో తేల్చడానికే రెండో చూపు. ప్రొఫెసరు గారి మాట అప్పుడు వినిపించింది.

మళ్లీ లింగంపేట

శుక్రవారం మధ్యాహ్నానికి లింగంపేటలో దిగాను. గంగామణి అరుగు మీద ఊరికే కూర్చుని ఉంది. గల్లీ మొత్తంలో ఒళ్లో చాట లేని మనిషి ఆమె ఒక్కతే.

లోపలికి తీసుకెళ్లి వీపు చూశాను. సిరాతో గీసిన గీత అలాగే ఉంది. గీత లోపల ఏమీ లేదు. వేలితో తడిమి చూశాను. మామూలు చర్మం.

వేళ్లు పగిలితే ఏం పెడతావు అని అడిగాను. ఆమె తల దించుకుంది. మూడోసారి అడిగాక గూట్లోంచి చిన్న గుడ్డ మూట తీసింది. నాలుగు జీడిగింజలు, కొన నల్లబడ్డ సూది.

"చెప్తె తిడ్తవని చెప్పలె" అంది.

తిట్టలేదు. తిట్టే మొహం నాకు లేదు. ఒక జీడి చుక్కను గిన్నెడు కొబ్బరినూనెలో కలిపి పలచన చేసి, అందులోంచి ఒక్క బొట్టు ఆమె ముంజేతి లోపలి వైపు పట్టీ వేశాను. రెండు రోజులకు విప్పి, ఏమైందో నాలుగో రోజు దాకా చూసి కార్డు ముక్క రాయించమన్నాను. నాకు అనుమానం లేదు, కానీ ఈసారి ఆగదలుచుకున్నాను. జీడి ముట్టుకోవద్దు, పగుళ్లకు కొబ్బరినూనె చాలు, బీడీలు చుట్టుకోవచ్చు, నేను రాసింది తప్పు అని చెప్పాను.

ఆమె మొహంలో సంతోషం కోసం చూశాను. రాలేదు.

"చాట ఖాజాబీకి ఇచ్చేసిన గద. కత్తెర, ఆకు, నువ్వు రాసిన చిట్టీ గూడ. పొద్దుగాల్ల ఠేకేదారుకు చూపెట్టి నా బీడీల పని కార్డు ఆమె బిడ్డ పేరు మీద రాయించుకొమ్మన్న. ఈ పాటికి అయిపోయి ఉంటది."

ఇద్దరం ఎదురింటికి పరుగెత్తాం. ఖాజాబీ తన చాటతో తాను చుట్టుకుంటోంది. గంగామణి చాట గోడకు మేకుకు వేలాడుతోంది. ఆకు తడిగుడ్డలో చుట్టి ఉంది. కత్తెర మీద దారం చుట్టిన చుట్టు విప్పలేదు. చిట్టీ గోడ పగులులో దోపి ఉంది.

ఠేకేదారు దగ్గరికి వెళ్లలేదా అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"రెండోసారి చూస్తనంటివి గద బిడ్డా. నువ్వు చూడకముందె నేనెట్ల ముట్టుకుంట?"

చిట్టీ తీసి చింపేశాను. అక్కడే కూర్చుని, అంటురోగం కాదు, తంబాకు పని చేసుకోవచ్చు అని కొత్తది రాశాను. గంగామణి చాట దించుకుని, అత్త చూసేలా తలుపు తీసిపెట్టి, మా ఇద్దరి మధ్య కూర్చుంది. పట్టీ ఉన్న చేయి కొంచెం ఎడంగా పెట్టుకుని మొదటి ఆకు తీసుకుంది.

పది రోజులకు కార్డు వచ్చింది. మూడో నాడు ముంజేయి మీద పొక్కిందట, వేళ్లు మానుతున్నాయట. గల్లీలో జీడిగింజలన్నీ ఖాజాబీ మూటగట్టి, నేను చెప్పిన నర్సయ్యకు పంపించిందట. మళ్లీ ఎప్పుడొస్తావు, పచ్చిపులుసు చేస్తానని ఆవిడ మాటగా చివర్లో రాయించారు.

ఆ తర్వాత నాలుగైదుసార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ, మాట మీద నిలబడే డాక్టరమ్మ అని ఖాజాబీ అరుగరుగుకూ నన్ను చూపించుకుంటుంది. పోచారంలో నేను ఏ బస్సు కోసం నిలబడ్డానో ఆవిడకు ఈరోజుకీ చెప్పలేదు.